నవ్వకూడని ఆదివారం

కరీముల్లా మాస్టారు బైనాక్యులర్ కళ్ళకి ఆనించుకుని ఉన్నప్పుడు ఎవరేం అడిగినా జవాబు చెప్పరు. ఆ సంగతి తెలిసి కూడా సుభాషిణి ఆ పొద్దున అప్పుడే అడిగింది. అంతగా విసిగిపోయి ఉంది.

"మాస్టారండీ, మనం పక్షుల్ని చూడ్డానికి వస్తున్నామా, ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకోడానికి వస్తున్నామా? ఈ వేళాకోళాలు లేకపోతే మనకి పొద్దు గడవదా అండీ?"

ఆమె విసుగుకి కారణం ఉంది. జంతుశాస్త్రం లెక్చరరుగా రిటైరయిన మాస్టారు, ఆసక్తి ఉన్నవాళ్ళని ఆదివారాలు కొల్లేటి గట్టుకి తీసుకెళ్ళి పక్షుల్ని పరిచయం చేస్తుంటారు. పోస్టాఫీసులో పనిచేసే సుభాషిణి ఆ గుంపులో చేరిన కొత్తలో, తాటిచెట్టు మీద గుడ్లగూబ ఉందని అందరినీ కేకేసి పిలిచింది. తీరా చూస్తే అది కల్లుముంత. అప్పట్నుంచీ ఎరువుల కొట్టు పురుషోత్తం ఆమె కనబడితే చాలు, "మేడం గారండీ, ముంత గుడ్లు పెట్టిందా అండి?" అంటాడు. మిగిలినవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతారు. మొదట్లో ఆమె కూడా నవ్వింది. ఏడాది తిరిగినా ఆ ముంత చెట్టు దిగలేదు.

మాస్టారు బైనాక్యులర్ దించారు. ఆయనకీ విసుగ్గానే ఉన్నట్టుంది, ఎవరి మీదో మాత్రం తెలియలేదు. అందరినీ దగ్గరికి పిలిచి, "వచ్చే ఆదివారం ఎవరూ నవ్వకూడదు, నవ్వించకూడదు. అలా ఉండి చూద్దాం," అన్నారు.

ఆ ఆదివారం అలాగే వచ్చారు. పురుషోత్తం పెదాలు బిగించుకుని అందరికంటే వెనక నడిచాడు. ఎవరైనా "నీటికోడి" అంటే ఇంకొకరు "అవునండి" అనేవారు. అక్కడితో సరి. గట్టిగా తెలిసినవాళ్ళే మాట్లాడారు, తెలియనివాళ్ళు నోరు విప్పలేదు. కాసేపు సుభాషిణికి ప్రాణం హాయిగా ఉంది. ఆ తరవాత, చావింటికి పరామర్శకి వచ్చినట్టు అనిపించసాగింది.

ఎండ ముదిరి, ఇక వెనక్కి తిరుగుదామనుకుంటుండగా దూరంగా నీళ్ళలో కిక్కిస గడ్డి పొదల్లో తెల్లగా ఏదో లేచి పడడం మాస్టారి కంటబడింది. బైనాక్యులర్‌తో ఒక్కసారి చూసి, చేతిలో సంచీ అక్కడే పడేసి, దోనె మీద పోతున్న జాలరిని కేకేశారు.

అది తెల్లకొంగ. చిరిగిన వల ముక్క ఒకటి దాని కాలికీ రెక్కకీ చుట్టుకుపోయింది. జాలరి దాన్ని ఒడ్డుకి తెచ్చి ఇస్తే సుభాషిణి చున్నీలో పొదివి పట్టుకుంది. మాస్టారు చిన్న కత్తెరతో దారాలు ఒక్కొక్కటే కత్తిరించసాగారు. నైలాన్ దారం కాల్లోకి లోతుగా కోసుకుపోయింది. పొడవడానికి కూడా దానికి ఓపిక లేదు.

"ఎప్పట్నుంచి ఉందో పాపం," అన్నాడు పురుషోత్తం.

"మనం వచ్చేటప్పటికే ఉందండి," అన్నాడు రైల్వేలో పనిచేసే ఇమ్మానుయేలు, నేల చూపులు చూస్తూ. "నేను చూశాను."

"చూసి చెప్పవేమయ్యా!" మాస్టారు మండిపడ్డారు.

"గుడ్డపేలికేమో అనుకున్నానండి. మామూలుగా అయితే, ఎవరిదో బనీను ఎగిరొచ్చిందర్రా అని ఏదో ఒకటి వాగేసేవాణ్ణి. ఎవరో ఒకరు అటు చూసేవారు. ఇవాళ అందరూ ఇంత బిగుసుకుపోయి ఉంటే, సరిగ్గా తెలియకుండా ఎలా చెప్పనండి?"

పురుషోత్తానికి మాట దొరికింది. "విన్నారా మేడం? నవ్వొద్దన్నారు, ఏమైందో చూడండి!"

సుభాషిణి తలెత్తలేదు. "నేనూ చూశానండి," అంది. "కొంగేనేమో అని కూడా అనిపించింది. కాకపోతే మీకు ఇంకో ఏడాదికి సరిపడా దొరుకుతానని ఊరుకున్నాను."

పురుషోత్తం ముందుకొచ్చి, కత్తెరకి అందేలా కొంగ రెక్క విప్పి పట్టుకున్నాడు.

దారాలన్నీ వదిలాక కొంగని గట్టు మీద దించారు. ఒంటికాలి మీద లేచింది, తూలి పడింది, మళ్ళీ లేచింది. చాలాసేపటికి రెక్కలు విప్పి, దెబ్బతిన్న కాలు వేలాడేసుకుని, నీళ్ళకి ఆనీ ఆనకుండా ఎగిరిపోయింది.

సుభాషిణి ఉండబట్టలేకపోయింది. "తప్పెవరిదంటారు మాస్టారండీ? నవ్వినవాళ్ళదా, నవ్వొద్దన్న నాదా?"

మాస్టారు నీళ్ళ అంచున గొంతుక్కూచుని చేతులకంటిన నెత్తురు కడుక్కుంటున్నారు.

"మనం ఎవరి పరువు వాళ్ళం చూసుకుంటున్నంతసేపూ అది అక్కడే కొట్టుకుంటోందమ్మా," అన్నారు.