తిప్పక్క పదకొండు కంబళ్లు

గుట్టలకు ఇంకా పేర్లు పెట్టని కాలం. ఏటికి ఇంకా గట్టు కట్టని కాలం. అప్పుడెప్పుడో, గొర్రెల కాపరులుండే ఒక ఊళ్లో తిప్పక్క అని ఒకామె ఉండేది. ఆమెకు మొగుడు లేడు. బిడ్డలు లేరు. గొర్రెలు లేవు. రెండు వెదురు పుల్లలు ఉండేవి.

ఆ ఊళ్లో కోతలైపోయి కళ్లాలు ఊడ్చాక, తొలకరి దాకా పనికి సెలవు. ఎండకు కాకి కూడా గూడు దాటదు. ఆడవాళ్లు గోడనీడన చేరి ఉన్ని అల్లేవాళ్లు. అల్లమని వాళ్లకెవరూ చెప్పలేదు. ఊరికే కూర్చున్న చెయ్యి చెడ్డ పనికి పోతుందని వాళ్లే అల్లుకునేవాళ్లు. ఒకామె కుల్లాయి అల్లేది. ఒకామె సంచి అల్లేది. తిప్పక్క కంబళి అల్లేది.

తిప్పక్క అల్లిన కంబళిలో వానచుక్క దిగదు. అందుకని ఊళ్లో ఉన్న పదకొండు మంది కాపరులూ ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. ముళ్లకూ వానకూ కంబళి ఒక్క ఏడే ఆగుతుంది. పాత కంబళి విప్పి, కొత్త ఉన్ని కలిపి, మళ్లీ అల్లాలి. వేసవి పొడుగునా తిప్పక్క అదే చేసేది. పదకొండూ చివరి వరుస దాకా అల్లి దూలానికి వేలాడదీసేది. మృగశిర కార్తె ముందురోజు అన్నిటికీ ఆఖరి ముడి ఒకేసారి వేసేది. ఆఖరి ముడి లేని అల్లిక అల్లిక కాదు. ముల్లు తగిలితే మొదటి వరుస దాకా విడిపోతుంది.

ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. ఒకరు పుల్లకెక్కించిన అల్లికను ఇంకొకరు ముట్టకూడదు. ముట్టినవాళ్ల ఆయుష్షు తరిగిపోతుందని చెప్పేవాళ్లు. ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో తెలియదు. అందరూ నమ్మేవాళ్లు.

ఒక ఏడు రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం, తిప్పక్క పదకొండో కంబళి అల్లుతోంది. గడపలో ఒక మనిషి నిలబడ్డాడు. నల్లటి మనిషి. భుజాన పాశం ఉంది. చెమటలు కారుతున్నాయి.

"తిప్పక్కా, పోదాం లే" అన్నాడు.

ఆమెకు ఎవరో అర్థమైంది. ఎండ అంతగా ఉన్నా ఒళ్లు చల్లబడింది. కానీ చేయి ఆగలేదు.

"కొంచెం నిలబడు నాయనా. ముడి వేయకుండా పని మధ్యలో నేనెప్పుడూ లేచింది లేదు. పదకొండు మంది వానలోకి పోవల్ల."

ఆ మాట ఆమె మోసంతో అనలేదు. నిజంగానే అన్నది. వచ్చినవాడికీ ఆ సంగతి తెలిసింది. పని తెలిసినవాళ్లంటే వాడికీ మర్యాదే.

"సరే. ఇకమీద నీ చేత్తో ఏ అల్లికకు ఆఖరి ముడి పడుతుందో, ఆ ముడి పడగానే నీ కోసం వస్తాను. అంతవరకు నిన్ను తీసుకుపోను" అని వాడు ఎండలోకి వెళ్లిపోయాడు.

మృగశిర ముందురోజు తిప్పక్క మొదటి కంబళి ఒళ్లోకి తీసుకుంది. దారం మెలిపెట్టింది. ముడి వేయడానికి వేలు వంచింది. వేలు వంగలేదు.

రేపు వేద్దామనుకుంది. రేపు వచ్చింది. మాపటికి వేద్దామనుకుంది. మాపు వచ్చింది. ఆ లోపల వాన వచ్చింది.

కాపరులు గోనెపట్టాలు కప్పుకొని పోయారు. "పాపం, తిప్పక్కకు ఒంట్లో బాగాలేదేమో" అన్నారు. ఊరు ఆమెను మన్నించింది. ఎప్పుడూ తప్పనివాళ్లు ఒకసారి తప్పితే ఊరు మన్నిస్తుంది.

తిప్పక్క మాత్రం ఆ రోజు నుంచి ఒకచోట కూర్చోలేదు. ఒక కంబళి దించి, రెండు వరుసలు విప్పి, మళ్లీ అల్లేది. సగంలో దాన్ని వదిలి ఇంకొకటి దించేది. అదీ వదిలి గడపలోకి పోయి నిలబడేది. గడపలోంచి పొయ్యి దగ్గరికి, పొయ్యి దగ్గర్నుంచి దూలం కిందికి. అన్నం ముందర కూర్చుంటే వేళ్లు కంచం అంచును అల్లేవి. పండుకుంటే వేళ్లు చాపను అల్లేవి. చేతి నిండా పని, పని నిండా చేయి. అయింది మాత్రం ఏమీ లేదు.

రెండో ఏడు రోహిణి వచ్చింది. మిట్టమధ్యాహ్నం నల్లమనిషి గడపలోకి తొంగి చూశాడు.

"ముడి పడిందా తిప్పక్కా?"

"పడలేదు సామీ."

వాడు వెళ్లిపోయాడు. ఆ ఏడు కూడా పదకొండు కంబళ్లూ దూలానికే ఉన్నాయి. ఆడవాళ్లు ఇప్పుడు నవ్వడం మొదలుపెట్టారు.

"తిప్పక్క ఇంట్లో గబ్బిలాలు వేలాడుతున్నాయంట, చూసి వద్దాం పా."

"గబ్బిలమైనా మాపటికి లేచి పోతాది. ఇవి యాడికీ పోవు."

పక్కింటి చౌడక్క మాత్రం నవ్వలేదు. ఆమె మొగుడు బీరప్ప మీద ఆ ఏటి తొలకరిలో, కొండపైన, వడగండ్లు పడ్డాయి. ఒంటి మీద గోనెపట్ట తప్ప ఇంకేమీ లేదు. రాత్రంతా తడిశాడు. తెల్లారేసరికి ఏడు గొర్రెపిల్లలు చచ్చిపడున్నాయి. బీరప్ప జ్వరంతో ఇల్లు చేరాడు. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గలేదు. గోడకు ఇవతల తిప్పక్క పండుకుంటే, అవతల బీరప్ప దగ్గు వినపడేది. ఆమె చెవులు మూసుకునేది. చెవులు మూసుకుంటే దగ్గు ఆగుతుందా?

చావంటే భయపడడం తప్పు కాదు. చీమ కూడా భయపడుతుంది. మన భయాన్ని తెచ్చి పక్కవాడి వీపు మీద వేయడం తప్పు. తిప్పక్క చేసింది అదే. ఆ సంగతి ఆమెకు తెలుసు. అందుకే ఆమెకు కూర్చుంటే నెమ్మది లేదు, నిలబడితే నెమ్మది లేదు.

మూడో ఏడు రోహిణి వచ్చింది. ఆ ఏటి ఎండ ముందెప్పుడూ లేదు. రాతి మీద ఉమ్మితే ఉమ్ము ఎండిపోయేది. ఉన్ని చేతికి తగిలితే నిప్పు తగిలినట్టుండేది. మిట్టమధ్యాహ్నం నల్లమనిషి మళ్లీ వచ్చాడు.

"ముడి పడిందా తిప్పక్కా?"

"పడలేదు సామీ."

వాడు ఈసారి వెంటనే పోలేదు. దూలం వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. "మనిషివి సగమైపోయినావే" అన్నాడు. అని వెళ్లిపోయాడు.

వాడలా పోయాడో లేదో, చౌడక్క వచ్చింది. లోపలికి రాలేదు. గడప బయటే నిలబడింది.

"అక్కా, నిన్నొక మాట అడగల్ల."

"అడుగు చౌడీ."

"నా మొగుడు ఈ ఏడు గూడా తడిస్తే బతకడు. నువ్వు అల్లకపోతే అల్లలేనని చెప్పు. మా ఉన్ని మాకిచ్చెయ్. నాకు చేతగాకపోయినా ఏదో ఒకటి అల్లుకుంటా. రెండేండ్లుగా మా ఉన్ని నీ దూలానికి ఉరేసుకుంది."

తిప్పక్క పుల్లలు కింద పెట్టింది, మళ్లీ తీసుకుంది.

"మాట్లాడక్కా. మేము నీకేం చెడ్డ చేసినాం? మా ఆయన నిన్ను వదినా అనే పిలుస్తాడు గదా. దగ్గుకుంటా గూడా నిన్నొక్క మాట అననీడు. వదినకేదో కష్టముంది, ఊరుకో మే అంటాడు. నేనే ఊరుకోలేక వచ్చినా."

ఆ మాటతో తిప్పక్క నేల మీద కూలబడింది. జరిగిందంతా చెప్పింది. నల్లమనిషి వచ్చింది చెప్పింది, ముడి మాట చెప్పింది, వంగని వేలు చూపింది. చౌడక్క విన్నది. విని గడప దాటి లోపలికి వచ్చి పక్కన కూర్చుంది.

"నాతో ముందే చెప్పొద్దా?" అన్నది చౌడక్క.

"చెప్తే నవ్వుతారనుకున్యా."

"ఇప్పుడు మాత్రం నవ్వలేదా ఊరంతా?"

తిప్పక్కకు నవ్వు వచ్చింది. రెండేళ్లలో అదే మొదటి నవ్వు.

ఆ పూటే పని పట్టుకుంది. ఒకటి పూర్తిగా చివరి వరుసకు వచ్చేదాకా ఇంకొకటి దించలేదు. చెమటకు ఉన్ని జిగటపట్టింది. వేళ్లు పగిలాయి. పగిలిన వేళ్లకు గుడ్డపీలిక చుట్టుకొని అల్లింది. చౌడక్క పక్కన కూర్చొని విసిరింది, నీళ్లిచ్చింది. అల్లికను మాత్రం ముట్టలేదు. కట్టుబాటు కట్టుబాటే. మృగశిరకు ఒక్క రోజు ఉందనగా పదకొండు కంబళ్లూ చివరి వరుసకు వచ్చాయి. ముడులే మిగిలాయి.

పడమట మబ్బు పట్టింది. గాలి తిరిగింది. గొర్రెలు దొడ్డిలో అరిచాయి.

చౌడక్క లేచి చేతులు కడుక్కొని వచ్చింది. "ఇట్లియ్యక్కా. ముడులు నేను వేస్తా. నీ చేత్తో పడితేనే గదా వాడొచ్చేది. నా చేత్తో పడితే రాడు. నువ్వుంటావు."

"ముట్టితే నీ ఆయుష్షు పోతాదే."

"పోతే పోనీ కొంచెం. నాకు ఎక్కువే ఉందిలే. మా అవ్వ నూరేండ్లు బతికి, అందరినీ తిట్టి పోయింది."

ఎంత తేలిక దారి. తిప్పక్క ఆ చేతుల వైపు చూసింది. కడిగిన చేతులు, నీళ్లు కారుతున్న చేతులు. కంబళి అందిస్తే చాలు. అందించబోయింది కూడా. అప్పుడు గోడ అవతల బీరప్ప దగ్గాడు.

తిప్పక్క కంబళిని వెనక్కి లాక్కుంది.

"ఒకసారి నా భయం తీసకపోయి నీ మొగుని రొమ్ములో పెట్టినా. ఇంకోసారి నీ నెత్తిన పెట్టను. కూర్చో చౌడీ."

బీరప్ప కంబళి ఒళ్లోకి తీసుకుంది. దారం మెలిపెట్టింది. వేలు వంచింది. వేలు వంగింది. ముడి పడింది.

గడపలో నల్లమనిషి నిలబడ్డాడు. వాన మొదలైంది. వాడు తడిసి ఉన్నాడు.

"పడింది సామీ" అన్నది తిప్పక్క, వాడు అడగకముందే.

"చూసినా."

"ఇంకా పది ఉన్నాయి."

"నేనడిగింది ఒక్కటే."

రెండేళ్ల కింద అయితే బతిమాలేది. ఇప్పుడు బతిమాలలేదు. బీరప్ప కంబళి చౌడక్క ఒళ్లో పెట్టింది. వెదురు పుల్లలు దాని మీద పెట్టింది. "ఇది ఇచ్చి రా. మిగతావి ముట్టొద్దులే. నీకు బిడ్డలున్నారు" అన్నది. గోడకు ఆనుకుంది. వేళ్లు అల్లడం మానాయి. అంతే.

ఊరంతా చేరింది. శవాన్ని లేపడానికి మగవాళ్లు వచ్చారు. దూలానికి పది కంబళ్లు వేలాడుతున్నాయి. బయట వాన కుండపోతగా కురుస్తోంది. ముడి లేని కంబళ్లను చచ్చినామెతోనే పూడ్చాలని పెద్దలు అన్నారు. అదే కట్టుబాటు.

"నిలబడండి" అన్నది చౌడక్క.

మొదటి కంబళి దించింది. "ముట్టొద్దు మే" అని ఊరు అరిచింది. ముడి వేసింది. రెండోది దించింది. "బిడ్డల మొగం చూడు" అని ఊరు అరిచింది. ముడి వేసింది. మూడోది దించింది. ఈసారి ఎవరూ అరవలేదు. అందరూ ఆమె ఊపిరినే చూస్తున్నారు. ఊపిరి ఆడుతూనే ఉంది. నాలుగోదానికి ఒక ముసలామె వచ్చి పక్కన కూర్చొని, దించి అందించింది. పదో ముడి పడ్డాక చౌడక్క లేచి, చీర దులుపుకొని, "ఇప్పుడు లేపండి" అన్నది.

పదకొండు మందీ కంబళి కప్పుకొనే తిప్పక్కను మోశారు. బీరప్ప ముందు నడిచాడు. దగ్గుతూనే నడిచాడు గానీ తడవలేదు. చౌడక్క ఆ తర్వాత మనవల పెళ్లిళ్లు చూసింది. పళ్లన్నీ ఊడిపోయాక కూడా అందరినీ తిడుతూనే బతికింది.

అప్పటి నుంచి ఆ పక్క ఊళ్లలో పాత కట్టుబాటు పోయింది. కొత్తది వచ్చింది. చేతిలో అల్లికతో ఎవరైనా పోతే, పక్కింటామె వచ్చి ఆఖరి ముడి వేసేదాకా శవాన్ని లేపరు. బతికున్నవాళ్లకూ అంతే. మృగశిర ముందురోజు, ముడి వేయలేకపోయిన అల్లికను గడప బయట పెడతారు. దారిన పోయే ఆడమనిషి ఎవరైనా సరే ఆగి, ముడి వేసి పోవాలి. పగ ఉన్నవాళ్లూ ఆగుతారు. ఇంట్లో ఆమె లోపలే ఉంటుంది, వచ్చినామె తలెత్తదు. ఒకరితో ఒకరు మాట్లాడరు. ముడి మాత్రం పడుతుంది.