గడ్డిపోచల మోకు

పడుకో చిన్నీ, నా పక్కకి జరుగు. ఇవాళ బళ్ళో ఎవరో నిన్ను 'గడ్డిపోచ' అన్నారన్నావే, ఆ మాట ఒక ఊళ్ళో ఏమైందో చెబుతా, విను.

అనగా అనగా, వానలు మొహం చాటేసిన ఒక ఊళ్ళో ఒక కామందు ఉండేవాడు. వందమంది చెమటోడిస్తే ఒక్కడి గాదె నిండే ఊరది. కూలివాళ్ళు ఎదురొస్తే "జరగండి, గడ్డిపోచలు" అనేవాడు. ఎక్కడపడితే అక్కడ దొరుకుతారని, పోయినా నష్టం లేదని దాని అర్థం.

ఆ ఏడు ఆయన బావి ఎండింది. పూడిక తీయడానికి ఎర్రయ్య పాత మోకు తాడు పట్టుకుని దిగాడు. అతని పెళ్ళాం గవరమ్మ గట్టున నిలబడి మట్టితట్టలు అందుకుంటోంది.

"మోకు చివికిపోయింది కామందూ, మార్పించండి" అంది.

"గడ్డిపోచకి కొత్త మోకా" అని ఆయన నవ్వాడు.

ఆ తర్వాత బావి అడుగున ఊట తన్నింది. ఎర్రయ్య మోకు పట్టుకుని పైకి రాబోయాడు. అది పుటుక్కున తెగింది. బురదలో అతని కాళ్ళు దిగబడిపోయాయి. నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి.

గవరమ్మ కామందు లోగిలికి పరిగెత్తింది. అక్కడ వాసానికి కొత్త మోకు వేలాడుతోంది, పసుపు పూసి, కుంకుమ పెట్టి.

"అది అమ్మవారి రథానిది. మీ చెయ్యి తగిలితే మైలపడుతుంది" అన్నాడు కామందు.

"మనిషి పోతున్నాడు కామందూ."

"రథం ఆగితే ఊరికే అరిష్టం."

గవరమ్మ తిన్నగా ఆయన గడ్డివామి దగ్గరికి వెళ్ళింది. తట్టలు మోసే ఆడకూలీలంతా ఆమె వెనకే వెళ్ళారు.

"ఒక్క పోచ పీకినా రేపట్నించి పని లేదు" అని ఆయన అరిచాడు.

"గడ్డిపోచలంటే మావాళ్ళేగా. మావాళ్ళని మేం తీసుకెళ్తున్నాం" అంది గవరమ్మ.

అప్పుడు గబగబా తాడు పేనారు. తొందరలో గడ్డి తడపలేదు. ఎండు తాడు లాగగానే తెగింది. నీళ్ళు నడుముకొచ్చాయి.

ఆ తర్వాత కుడితి గోలెంలో ముంచి పేనారు. తాడు సన్నమైంది, అదీ తెగింది. నీళ్ళు మెడకొచ్చాయి. ఎర్రయ్య పిలవడం మానేశాడు.

గవరమ్మ తడి తాళ్ళు మూడు కలిపి, జడలా అల్లి, చెయ్యంత లావు చేసింది. బావిలోకి వదిలింది.

"చంకల కింద కట్టుకో, ఎర్రీ."

కింద నుంచి తాడు కదిలింది. అందరూ ఒక్కసారే లాగారు. బురద ఒక కాలు వదిలింది, ఆ తర్వాత రెండోది వదిలింది. ఎర్రయ్య గట్టు మీద బోర్లాపడి, నీళ్ళు కక్కి, ఊపిరి పీల్చాడు.

"బతికాడుగా. ఇక నీళ్ళు తోడి, పూడిక సంగతి చూడండి" అన్నాడు కామందు.

ఎవరూ కదల్లేదు. తాడు చుట్టి భుజాన వేసుకుని ఇళ్ళకి నడిచారు. మర్నాడూ రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. ఊట నీళ్ళు ఇంకి, బావి మళ్ళీ బురదతో పూడింది. గొడ్లు దాహంతో అరిచాయి. అప్పుడు కామందు తనే పసుపు మోకు మోసుకొచ్చి గట్టున పెట్టి, వాళ్ళకి కబురంపాడు. గవరమ్మ దాన్ని రెండు చేతులా పట్టి లాగి చూసింది. కూలివాళ్ళ పేటలో వాళ్ళంతా వరసగా పట్టి చూశారు. ఆ తర్వాతే ఎర్రయ్య దిగాడు.

ఇప్పటికీ ఆ పేటలో ఎవరినైనా "నువ్వొట్టి గడ్డిపోచవి" అంటే చిన్నబుచ్చుకోరు. "నాతో ఎంతమందో లెక్కేసుకో" అంటారు. రేపు బళ్ళో నువ్వూ అను.

పోచకి పోచ చేరాలి,
పోయే ప్రాణం నిలవాలి.
కథ నడిచింది కంచికి,
కునుకొచ్చింది కంటికి.