సూదమ్మ నాలుగో ముల్లు

అనగనగా ఒక అడవిలో సూదమ్మ అనే ముళ్లపంది ఉండేది. సూదమ్మకి ఒక మొగుడు, ఒక అత్త, నలుగురు పిల్లలు, ఒక బొరియ. ముళ్లపందులు రాత్రిపూట తిరిగే జంతువులు కదా అని మీకు సందేహం రావచ్చు. నిజమే. కానీ ఇది పిల్లలున్న ముళ్లపంది. అది అన్ని పూటలా తిరుగుతుంది.

పెళ్లికి ముందు సూదమ్మ బొమ్మలు గీసేది. ఆ అడవిలో ఒక వాగు ఉంది. దాని గట్టంతా బంకమట్టి. ఏడాదికోసారి వాగు పొంగుతుంది. పొంగు తీశాక గట్టు మూడు రోజులు మెత్తగా ఉంటుంది. నాలుగో రోజుకి ఎండకి గట్టిపడుతుంది. ఆ మూడు రోజుల్లో గీసిన బొమ్మ మళ్లీ వాగు పొంగేదాకా చెక్కుచెదరదు. సూదమ్మ గీసిన జింకని చూసి ఒకసారి నిజం చిరుతపులి గట్టుకి తల గుద్దుకుంది. అంత బాగా గీసేది.

గీయడానికి పొడుగాటి ముల్లు కావాలి. ముళ్లపందుల్లో ఒక కట్టుబాటు ఉంది. ముల్లు పీకకూడదు, దానంతట అదే రాలాలి. బొమ్మకి పనికొచ్చే ముల్లు ఏడాదికి ఒక్కటే రాలుతుంది. అదీ వాగు పొంగే ముందు.

పెళ్లయిన మరుసటి ఏడు ముల్లు రాలింది. మొగుడు కంపన్న చూశాడు.

"సూదీ, వీపు దురదగా ఉంది. ఆ ముల్లు ఇలా ఇవ్వు" అన్నాడు.

ముళ్లపందికి వీపు గోక్కోవడం ఎంత కష్టమో మీరే ఆలోచించండి. సూదమ్మ జాలిపడి ఇచ్చేసింది. ఒళ్లో చంటివాడున్నాడు. "వీడికి పళ్లొచ్చాక గీద్దాంలే" అనుకుంది. పళ్లొచ్చాయి. వాడు కనబడ్డదల్లా కొరకడం మొదలుపెట్టాడు.

రెండో ఏడు ముల్లు రాలింది. అత్త ఈటెమ్మ చూసింది.

"కోడలా, దుంపలు తవ్వీ తవ్వీ నా గోళ్లు అరిగిపోయాయి. ఆ ముల్లు నాకియ్యి" అంది.

పెద్దవాళ్లు అడిగితే కాదనకూడదని సూదమ్మ ఇచ్చేసింది. అప్పటికి కవలలు పుట్టారు. "వీళ్ల ముళ్లు గట్టిపడ్డాక గీద్దాంలే" అనుకుంది. గట్టిపడ్డాయి. వాళ్లు ఒకళ్లనొకళ్లు పొడుచుకోవడం మొదలుపెట్టారు.

మూడో ఏడు ముల్లు రాలింది. దాన్ని ఎవరూ అడగలేదు. పెద్దవాడూ కవలలూ కత్తియుద్ధం ఆడి రెండు ముక్కలు చేశారు. అప్పుడే పుట్టిన ఆఖరిపిల్ల ములుకు ఒక ముక్కని నోట్లో పెట్టుకుంది.

ఇన్నేళ్లూ కంపన్న మాత్రం మంచిమాటే అనేవాడు. "గీసుకో సూదీ, ఎవరొద్దన్నారు?" అనేవాడు. నిజంగానే ఎవరూ వద్దనలేదు. పిల్లల్ని చూస్తామని కూడా ఎవరూ అనలేదు.

ఆ ఏడు పొంగు తీసిన మూడో రోజు సాయంత్రం, ములుకు నిద్రపోగానే, సూదమ్మ విరిగిన ముక్క పట్టుకుని వాగుకి పరిగెత్తింది. గబగబా ఒక ఏనుగుని గీసింది. గట్టు మీద తాబేలు తాత ఎండ కాగుతున్నాడు. మెడ చాచి చూశాడు.

"గుమ్మడికాయ బాగుందమ్మాయ్" అన్నాడు.

"అది ఏనుగు, తాతా."

తాబేలు తాత మళ్లీ చూశాడు. "ఓహో" అన్నాడు.

సూదమ్మ ముక్క కింద పడేసింది. దానికి ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ ముల్లే పోయిందనుకుంది, చెయ్యి కూడా పోయిందని ఇప్పుడే తెలిసింది. వెక్కివెక్కి ఏడ్చింది. తాబేలు తాత ఓదార్చలేదు. ఆయనకి తొందరపడే అలవాటు లేదు. ఏడుపు అయిపోయేదాకా ఆగి, అడిగాడు.

"మూడేళ్లుగా ఎందుకు రాలేదే?"

"పనులన్నీ అయ్యాక వద్దామనుకున్నాను తాతా."

"అలాగా. వెనకటికి ఒక నక్క కూడా, వాగు పారడం అయ్యాక దాటుదామని ఈ గట్టునే కూర్చుంది."

"దాటిందా?"

"పుర్రె ఆ పొద పక్కన ఉంది. చూస్తావా?"

సూదమ్మ చూడనంది.

"గట్టు మూడు రోజులే మెత్తగా ఉంటుంది. గట్టు కింద ఇసుక రోజూ ఉంటుంది" అన్నాడు తాబేలు తాత. తల లోపలికి లాక్కున్నాడు. ఆ ఏడాదికి ఆయన మాట్లాడాల్సింది అంతే.

సూదమ్మ విరిగిన ముక్క తీసుకుని ఇంటికొచ్చింది.

"మావా, రేపట్నుంచి ఎండ వాలిన దగ్గర్నుంచి మద్దిచెట్టు నీడ మన గుమ్మం తాకేదాకా పిల్లలు నీ దగ్గరుంటారు. నేను ఇసుకలో గీసుకుంటాను" అంది.

కంపన్న బెదిరిపోయాడు. "నేనా? నాకు అలవాటు లేదే!"

"నాకూ లేదు, పెద్దవాడు పుట్టిన రోజున."

కంపన్న పిల్లల్ని ఒకసారి లెక్కపెట్టుకున్నాడు.

మొదటి రోజు కవలలు చీమల పుట్టలో దిగారు. రెండో రోజు పెద్దవాడు నాయనమ్మ దాచుకున్న దుంపలన్నీ తినేశాడు. మూడో రోజు ములుకు నాన్న వీపెక్కి దిగనంది. బొరియ ఊడవలేదు. దుంపలు ఆలస్యంగా ఉడికాయి. ఈటెమ్మ, "మా కాలంలో ఇలాంటివి లేవమ్మా" అంది. ఆకాశం మాత్రం విరిగి పడలేదు. సూదమ్మ ఒకటికి రెండుసార్లు తలెత్తి చూసుకుంది కూడా.

రోజూ నీడ గుమ్మం తాకేదాకా గీసింది. చెరిపింది. మళ్లీ గీసింది. మొదట గుమ్మడికాయకి తొండం వచ్చింది. చలికాలానికి చెవులొచ్చాయి. ఎండాకాలానికి అది ఏనుగని అడగకుండానే తెలిసిపోయేది.

నాలుగో ఏడు ముల్లు రాలింది. పొడుగ్గా, నల్లచారలతో, ఇన్నేళ్లలోకీ మంచి ముల్లు.

"సూదీ, వీపు..." అన్నాడు కంపన్న.

"చెట్టుంది. రాసుకో. ఇది నాది."

"కోడలా, నా గోళ్లు..." అంది ఈటెమ్మ.

"దుంపలు నేను తవ్విపెడతాను అత్తా. ఇది నాది."

"అమ్మా, కత్తి..." అన్నారు పిల్లలు.

"కర్రలున్నాయి. ఇది నాది."

ఎవరూ చచ్చిపోలేదు. కంపన్న చెట్టుకి వీపు రాసుకున్నాడు. ముల్లు కన్నా అదే హాయిగా ఉందని కనిపెట్టాడు. కానీ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

వాగు పొంగింది. పొంగు తీసింది. సూదమ్మ మూడు రోజులూ గట్టు దగ్గరే ఉంది. నాలుగో రోజు అందరూ చూడటానికి వచ్చారు. గట్టు మీద ఒక పెద్ద ముళ్లపంది, చేతిలో ముల్లుతో, ఒంటరిగా, నవ్వుతూ ఉంది.

"అమ్మా, ఇదెవరు?" అంది ములుకు.

"నేనే."

"ఏం చేస్తున్నావు?"

"బొమ్మ గీస్తున్నాను."

"మరి మేమెక్కడున్నాం?"

"నాన్న దగ్గర."

ములుకు బొమ్మని చాలాసేపు చూసింది. తర్వాత అమ్మ పక్కన ఇసుకలో కూర్చుంది. దాని ఒంటి నుంచి ఆ వారమే మొదటి ముల్లు రాలింది. అది వేలెడంత ఉంది. దేనికీ పనికిరాదు. ములుకు దాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"ఇది నాది" అంది.

ఎవరూ అడగలేదు. అయినా అంది.

సూదమ్మకి కళ్లు చెమర్చాయి. ఇసుకలో కాస్త పక్కకి జరిగి, కూతురికి చోటిచ్చింది.

నీతి: "పనులన్నీ అయ్యాక" అనే రోజు ఏ పంచాంగంలోనూ లేదు, నీ పూట నువ్వే అడిగి తీసుకో, నిన్ను చూసి పిల్లలూ తమది తాము నిలుపుకోవడం నేర్చుకుంటారు.