చుక్క పక్కన మాట

హైమవతికి మూడు రోజులుగా పేర్లతోనే తంటా.

ఏడు ఊళ్లలో నూట నలభై మూడు బోర్లు, బావుల నీళ్లు పరీక్షించారు. ఏ నీటిలో ఎంత ఫ్లోరైడ్ ఉందో ఒకే గ్రాఫ్‌లో చూపించాలి. ఒక్కోదానికి ఒక్కో చుక్క. లోతు పెరిగేకొద్దీ చుక్క కుడికి జరుగుతుంది, ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ పైకి పోతుంది. గ్రాఫులు గీసే ఆర్ అనే కంప్యూటర్ ప్రోగ్రాంలో చుక్కలు పెట్టడం నిమిషం పని. పక్కన ఆ బోరు పేరు రాయమంటేనే చిక్కు. పేర్ల మీద పేర్లు పడి తెర మధ్యలో నల్లటి ముద్దయ్యేది.

ఆ రోజుల్లో కంప్యూటర్లు అంతంతమాత్రం. వాళ్ల ఆఫీసు పాత భవనం పై అంతస్తులో ఆకుపచ్చ తలుపుల గది. ఒక్కో పేరును కాస్త పైకి, కాస్త పక్కకి జరపమని ఆమె ఆదేశం రాసేది. బొమ్మ తెర మీదికి వచ్చేలోగా కింది నుంచి టీ వచ్చేది. గదిలో ఆ మూల జిలానీ సార్ కూర్చునేవారు. గ్రాఫ్ కాగితం మీద స్టెన్సిల్ పెట్టి అక్షరాలు దిద్దిన తరం ఆయనది. అయినా ఆమెకు ఆర్ నేర్పింది ఆయనే. ఇప్పుడు ఆ గదీ లేదు, సారూ లేరు. అంత ఇష్టంగా తాను మళ్లీ ఎక్కడా పనిచేయలేదని హైమవతి ఇప్పటికీ అంటుంది.

నాలుగో రోజు ఉదయం ఆమె పెద్ద కాగితం మీద ప్రింటు తీసి సార్ బల్ల మీద పరిచింది.

"చూడండి సార్. నూట నలభై మూడు పేర్లు. ఒక్కటి కూడా ఇంకోదాన్ని తాకలేదు."

ఆయన చాలాసేపు చూశారు. "బాగా కష్టపడ్డావమ్మా. ఎక్కడ అంటిస్తారు దీన్ని?"

"ఎర్రగుట్టపాడు పంచాయతీ ఆఫీసు గోడకి."

సార్ సొరుగు తెరిచి వేలిముద్రల సిరా డబ్బా తీశారు. ఆమె చూపుడువేలిని అందులో అద్దించారు.

"నేను ఆ ఊరివాణ్ణి అనుకో. ఇందులో ఏముందో చెప్పు."

హైమవతి నవ్వి, వేలు పెట్టి చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టింది. "ఇదిగో, ఈ గీత పైనున్న నీళ్లు తాగించొద్దు సార్, పిల్లల పళ్లు, ఎముకలు పాడవుతాయి. ఇక్కడి నుంచి, అంటే రెండొందల అడుగులు దాటాక, దాదాపు అన్నీ చెడ్డ నీళ్లే. ఇది బడి బోరు, అన్నిటికంటే పైన ఉంది. ఆ బడి వెనకే ఉన్న పాత బావి ఇది. దీని నీళ్లు మంచివి."

ఆగి, కాగితం వైపు చూసింది. నాలుగు ఊదారంగు మచ్చలు. మిగతా కాగితమంతా శుభ్రంగా ఉంది.

ఆమెకు కోపం వచ్చింది. "మరి మిగతా వాళ్లు సార్? ఎవరి బోరు ఎక్కడుందో వెతుక్కోరా?"

"వెతుక్కుంటారు. వాళ్లకి పక్కన పట్టిక అంటించు."

మూడు రోజుల పని చెరపడానికి ప్రోగ్రాంలో ఒక్క వరుస తీసేస్తే సరిపోయింది. పేర్లన్నీ పోయి చుక్కలు మిగిలాయి. మచ్చలు పడిన నాలుగు చోట్లా ఆమె మళ్లీ రాసింది. తెలుగు రాస్తే బొమ్మలో అక్షరాలకు బదులు డబ్బాలు వచ్చే కాలం అది. ఫాంటు కుదరడానికే మధ్యాహ్నమంతా పట్టింది. గీత పక్కన 'అనుమతించదగిన గరిష్ఠ పరిమితి' అని పెట్టి చూపించింది.

"పొద్దున నువ్వు ఇలా అనలేదే" అన్నారు సార్.

ఆమె అది కొట్టేసి, పొద్దున అన్నమాటే రాసింది.

వారం తర్వాత ఇద్దరూ ఎర్రగుట్టపాడు వెళ్లారు. పంచాయతీ ఆఫీసులో పది పదిహేనుమంది చేరారు. కాగితాలు గోడకి అంటించి, హైమవతి గొంతు సవరించుకుంది. చెప్పాల్సిందంతా దారిలో బస్సులోనే మననం చేసుకుంది.

"ఎండన పడొచ్చాం, కాసేపు వరండాలో కూర్చుందాం రామ్మా" అని సార్ ఆమెను బయటికి తీసుకొచ్చేశారు.

కిటికీలోంచి లోపలి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. ముందు గుసగుసలు. తర్వాత బడిలో పిల్లలకు మధ్యాహ్నం వంటచేసే ఓబుళమ్మ గొంతు, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ.

"ఈ గీత... పైనున్న నీళ్లు... తాగించొద్దు. పిల్లల పళ్లు, ఎముకలు... పాడవుతాయి." మళ్లీ ఆమె గొంతే. "ఇది... బడి బోరు."

"పండ్లు సరిగ్గా తోమదని నా మనవరాల్ని దినామూ తిడతాంటినే" అంది ఓబుళమ్మ.

ఆమె బయటికి వచ్చింది. వీళ్లిద్దరి వైపు చూడనైనా చూడలేదు. పక్కనే ఉన్న బడి వసారాలో బోర్లించిన రెండు బిందెలు తీసుకుంది. బోరు పక్క నుంచే నడిచి, బడి వెనక్కి, పాత బావి వైపు వెళ్లిపోయింది.

హైమవతి గబుక్కున లేచింది. "సార్, ఆమెకు ఒక్కమాట చెప్పొస్తాను."

"కూర్చోమ్మా" అన్నారు జిలానీ సార్. "చెప్పేశావు."