ఇత్తడి ఏనుగుల తగవు

మణిగిరి ప్రభువు భైరవరాజు చదరంగంలో వియ్యంకుడి చేతిలో చిత్తుగా ఓడిపోయాడు. తప్పంతా చెక్క పావులదేనని తేల్చేసి, నిగనిగలాడే ఇత్తడి పావులు చేయించమని ఆజ్ఞాపించాడు.

కంచరి బ్రహ్మోజు కరిగిన ఇత్తడిలో కాస్త సీసం కలుపుతుంటే ఆస్థాన పండితుడు అనంతభట్టు కంటపడింది. ఇంకేముంది, సభ దద్దరిల్లింది.

“మహాప్రభో! స్వచ్ఛమైన ఇత్తడిలో నీచమైన సీసమా! ఇది లోహద్రోహం, రాజద్రోహం, కులద్రోహం...”

ద్రోహాలన్నీ పూర్తయ్యేసరికి భోజనాల వేళ దాటిపోయింది. కోపానికో ఆకలికో గానీ, రాజు బ్రహ్మోజును చెరలో వేయించాడు. కుడిచేయి నరికించాలని భట్టు సలహా.

రాజుకు తాంబూలం చుట్టి ఇచ్చే నాగసానికి గుండె కలుక్కుమంది. చేయి పోతే కంచరికి ఇంకేం మిగులుతుంది? తిన్నగా చెరసాలకు వెళ్లింది.

“సీసం ఎందుకు కలిపావు బ్రహ్మోజూ?”

“అది లేకపోతే ఇత్తడి మొండికేస్తుందమ్మా. ఉలి ఆనిస్తే లేచే లోహపు పొట్టు తెగదు. సాగి సాగి ఉలికే చుట్టుకుని నునుపంతా పాడుచేస్తుంది. సీసం పడిందా, నూకల్లా రాలిపోతుంది.”

నాగసాని నవ్వుకుంటూ తిరిగొచ్చింది. శిక్షకు ముందు ఒక్క పరీక్ష పెట్టమని రాజును వేడుకుంది. భట్టు తన ఇంటి నుంచి స్వచ్ఛమైన ఇత్తడి దిమ్మె తెచ్చి, అడుగున తన ముద్ర కొట్టి ఇవ్వాలి. బ్రహ్మోజు ఆ ముద్ర చెరగకుండా దాంతో ఒక ఏనుగునూ, సీసం కలిపిన ఇత్తడితో ఇంకో ఏనుగునూ చెక్కాలి. అడుగు తిప్పి చూడకుండా ఏది స్వచ్ఛమో భట్టే తేల్చాలి.

“నా కళ్లకు పరీక్షా!” అని భట్టు మీసం దువ్వాడు.

సేనాపతి దగ్గరుండి చెక్కించాడు. సభలో గుడ్డ తీసేసరికి ఒక ఏనుగు అద్దంలా మెరుస్తోంది. రెండోదానికి ఒళ్లంతా గీతలు, గాట్లు.

భట్టు మెరిసేదాన్ని చటుక్కున ఎత్తి పట్టుకున్నాడు.

“ఆహా! స్వచ్ఛత అంటే ఇదీ! నా ఇత్తడి కాంతే వేరు. ఇక సీసం తిన్న ఆ గజ్జి ఏనుగును చూడండి! కల్తీకి కళ ఎక్కడిది? అసలు కల్తీ అంటే...”

గొయ్యి ఇంకాస్త లోతుగా తవ్వుకోనీ అనుకుంది నాగసాని. రాజు ఆవలించాక, గజ్జి ఏనుగును మెల్లగా తిరగేసి చూపింది.

అడుగున భట్టు ముద్ర!

“మోసం! కంచరి కావాలనే చెడగొట్టాడు!”

“ఉలీ ఒకటే, చేయీ ఒకటే. నేను రెప్ప వాల్చలేదు” అన్నాడు సేనాపతి.

రాజు ముందుకు వంగాడు. “సీసానికి అంత మహిమ ఎక్కడిదే నాగసానీ?”

“మహిమేం లేదు ప్రభూ. స్వచ్ఛమైన ఇత్తడి పొట్టు అచ్చం భట్టుగారి ప్రసంగమే. సాగడమే గానీ తెగడం ఉండదు. మధ్యలో నాలాంటి సీసపు ముక్క అడ్డుపడితేనే పుటుక్కున తెగి రాలుతుంది!”

సభ గొల్లుమంది. నవ్వు ఆపుకోలేక రాజుకు పొలమారింది. బ్రహ్మోజును చెర నుంచి విడిపించి, ఆ కుడిచేతికే బంగారు కడియం తొడిగాడు. నాగసానికి ముత్యాల హారం ఇచ్చాడు. దాంతోపాటు, భట్టు మాట సాగినప్పుడల్లా చెయ్యెత్తి ఆపే అధికారం కూడా.

“ప్రభో! ఈ ఘోరమైన, దారుణమైన, కనీవినీ ఎరుగని...” అని భట్టు మొదలెట్టాడు.

నాగసాని చెయ్యెత్తింది.