నూరు వరహాల పద్యం

బుట్టలల్లే సూరమ్మ ఏనాడో ఒక పద్యం చెప్పింది, డబ్బుకు దొరకనివీ ఉన్నాయని. ఊరంతా అదే పాడుతుంటే జమీందారు మార్తాండప్పకు ఒళ్లు మండి, మూట పట్టుకుని ఆమె గుడిసెకు వచ్చాడు.

"డబ్బుకు దొరకనిదే లేదని పద్యం చెప్పు. నూరు వరహాలిస్తా."

"డబ్బు పుచ్చుకుని చెప్పానంటే ఎవరు నమ్ముతారు దొరా?"

"అయితే ఊరికే చెప్పు!"

సూరమ్మ వెదురు చీలుస్తూనే అంది. "అప్పుడు మీ డబ్బుకు దొరకనిది ఊరికే దొరికినట్టేగా!"

మార్తాండప్పకు తల తిరిగింది. మూట కింద పెట్టాడు, మళ్లీ ఎత్తాడు.

"ఇంతకీ డబ్బు ఇవ్వమంటావా, వద్దంటావా?"

"సలహాకు పది వరహాలండి."

ఇచ్చాడు.

"ఇవ్వకండి దొరా."

తొంభై మిగిలాయని సంబరంగా బయలుదేరిన మార్తాండప్ప సగం దారిలో ఆగిపోయాడు. ఆ పదీ ఎందుకిచ్చినట్టు?