అడుగున రెండు దోసిళ్లు

తవిటినాయుడి బకెట్టులో మాత్రమే పొడి ఉండకట్టేది.

విశాఖ చేపలరేవులో మదీనా సాహెబు గారి పడవల షెడ్డులో ఆ ఏడు ముగ్గురు శిష్యులున్నారు. వేట నిషేధం ఉన్న రెండు నెలల్లోనే మరపడవలకు రంగులు పడిపోవాలి. రంగుకంటే ముందు ప్రైమరు పడాలి. అది సరిగ్గా పట్టకపోతే పైన ఎంత నిగనిగలాడే రంగు వేసినా ఉప్పునీరు చెక్కలోకి దిగుతుంది, ఏడాది తిరిగేసరికి లోపలంతా గుల్లే. నడిసముద్రంలో ఆ గుల్ల బయటపడితే పడవలో ఉన్నవాళ్ల గతి చెప్పనక్కర్లేదు.

అందుకే సాహెబు గారు తన కుంచెను తేలిగ్గా ఎవరి చేతికీ ఇచ్చేవారు కారు. ఉండ లేకుండా ప్రైమరు కలిపినవాడికే తొలి పూత. మిగతా ఇద్దరికీ ఆ భాగ్యం దక్కింది. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి మరీ వచ్చిన తవిటినాయుడికి దక్కలేదు.

పొడి జింకుది. నానో పొడి అంటారు. వెంట్రుకను వెయ్యి చీలికలు చేస్తే ఒక చీలికంత ఉంటుంది ఒక్కో రేణువు. అంత సన్నం కాబట్టే చెక్కలో సందుసందుకీ వెళ్లి కూర్చుంటుంది. కానీ తవిటినాయుడు నీళ్లలో వేసేసరికి రేణువులన్నీ ఒకదాన్నొకటి కరిచిపట్టుకుని, ఉండకట్టిన అంబలిలా తయారయ్యేవి.

అతను చెయ్యని ప్రయత్నం లేదు. పొడిని మళ్లీ నూరాడు, బట్టలో జల్లించాడు. బ్యాటరీలకు పోసే నీళ్లు తెచ్చి కలిపాడు. చేతులు పడిపోయేలా తిప్పాడు. శుభ్రత సంగతి సరేసరి, మడి కట్టుకున్నవాడు కూడా అంత చెయ్యడు. షెడ్డులో కుంచెలూ బకెట్లూ ఇరవయ్యేళ్లుగా కడిగేది నూకాలు. పెద్ద తొట్టిలో కుంకుడు పులుసు పెట్టుకుని పొద్దస్తమానం కడుగుతూనే ఉంటుంది. మొదటి రోజే అతను తన బకెట్టు ఆమె చేతిలోంచి లాగేసుకున్నాడు. "బాబూ, కడిగినాక అడుగున..." అని ఆమె ఏదో అనబోతే, "నీ పులుసు నా బకెట్టుకి తగలనివ్వకు. నీ పని నువ్వు చూసుకో" అన్నాడు. అప్పట్నుంచి తన బకెట్టు తానే మూడుసార్లు కడిగి, ఉతికిన బట్టతో తుడిచి ఆరబెట్టుకునేవాడు.

నిషేధం ముగియడానికి రెండు రోజులుంది. ప్రైమరు పడాల్సిన పడవ ఒక్కటే మిగిలింది. తవిటినాయుడు ఆఖరికి సాహెబు గారి దగ్గరికి వెళ్లాడు. ఒకే మూటలోని పొడి, ఒకే కుళాయి నీళ్లు, తనకే ఎందుకిలా అవుతోందని అడిగాడు.

సాహెబు గారు లేచొచ్చి బకెట్టులోకి చూశారు. చూసి, బకెట్టెత్తి మొత్తం ఇసుకలో గుమ్మరించారు.

షెడ్డులో సుత్తుల చప్పుడు ఆగిపోయింది. వారం రోజుల చాకిరీ తెల్లగా ఇసుకలోకి ఇంకిపోయింది. అందరి ముందూ తవిటినాయుడికి తల కొట్టేసినట్టయింది. ఇంత అవమానం ఎందుకు, వెళ్లిపొమ్మంటే పోయేవాడిని కదా అనుకున్నాడు.

సాహెబు గారు ఖాళీ బకెట్టు నూకాలుకి ఇచ్చారు. ఆమె కడిగి తెచ్చి కింద పెట్టింది. అడుగున రెండు దోసిళ్ల కుంకుడు నీళ్లు అలాగే ఉన్నాయి.

తవిటినాయుడు వాటిని పారబోయడానికి వంగాడు. సాహెబు గారు అతని మణికట్టు పట్టుకున్నారు.

"పొడి వెయ్యి."

"ఉస్తాద్, అడుగున మురికినీళ్లు..."

"వెయ్యి."

వేశాడు. నీళ్లు పోశాడు. కర్రతో నెమ్మదిగా తిప్పాడు. నాలుగు తిప్పులకే చెయ్యి తేలికైపోయింది. నురగ అణిగేదాకా ఆగి పలచటి బట్టలో వడగట్టాడు. బట్ట మీద ఆవగింజంత ఉండ కూడా మిగల్లేదు. బకెట్టులో గుమ్మపాలలా ఉంది.

తవిటినాయుడు మిగతా ఇద్దరి బకెట్ల వైపు చూశాడు. రెండూ నూకాలు కడిగినవే. షెడ్డు మొత్తంలో ఆమె చెయ్యి తగలనిది తన బకెట్టొక్కటే.

అప్పుడు గుర్తొచ్చింది. ఒక చేత్తో రేణువునీ ఒక చేత్తో నీటినీ పట్టుకుని రెంటికీ పొత్తు కుదిర్చే పదార్థం. బయోసర్ఫాక్టెంట్. పరీక్షలో దాని మీద పేజీన్నర రాశాడు, మంచి మార్కులే వచ్చాయి. ఉదాహరణకు కుంకుడుకాయ అని రాసింది కూడా తనే. ఆ పేజీన్నరా రెండు నెలలుగా పది అడుగుల దూరంలో తొట్టి నిండా ఉంటే, మురికి అన్నాడు.

"మీకు మొదట్నుంచీ తెలుసు," అన్నాడు చివరికి. "ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది కదా, ఉస్తాద్."

సాహెబు గారు తన కుంచె తీసి అతని చేతిలో పెట్టారు.

"నూకాలు చెప్పబోయింది కదా, బేటా."

తొలి పూత ఆ రోజు గంట ఆలస్యంగా మొదలైంది. తవిటినాయుడు కుంచె పట్టుకుని ముందు తొట్టి దగ్గరికి వెళ్లి, నూకాలు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.